మూడు వందల మైళ్ల దూరం నుంచి బొగ్గు గనుల్ని నడిపిన ఉత్తరాలు

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, ఐరిష్ సముద్రం ఒడ్డున వైట్‌హేవెన్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పొలాలు, ఇళ్ల స్థలాలు, వాటి కింద ఉన్న బొగ్గులో అధికభాగం లౌథర్ కుటుంబానివి. యజమాని సర్ జేమ్స్ లౌథర్ ఉండేది మాత్రం మూడు వందల మైళ్ల దూరాన, లండన్‌లో. పార్లమెంటు సభ్యుడు, అవివాహితుడు, డబ్బు విషయంలో గట్టి పిడికిలివాడని పేరు. ఇంగ్లండ్‌లో ప్రభు బిరుదు లేనివాళ్లలో అందరికంటే ధనవంతుడని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. ఏ గని బావి ఎంత లోతు తవ్వాలి, ఏ రైతు పొలం కొనాలి, ఓడకు బొగ్గు ఏ ధరకు పోయాలి అన్నవన్నీ ఆయన ఉత్తరాల్లోనే నడిపాడు. వైట్‌హేవెన్‌లో దివాను జాన్ స్పెడింగ్ వాటిని అందుకుని జవాబులు రాసేవాడు. వారానికి రెండు మూడు సార్లు, దశాబ్దాల తరబడి ఇదే వరస. ఆ కట్టలు ఇప్పుడు కంబ్రియా అభిలేఖాగారాల్లో ఉన్నాయి.

పైపైన చూస్తే దొర ఆజ్ఞాపించాడు, నౌకరు అమలు చేశాడు అనిపిస్తుంది. కాస్త ఓపికగా చదివితే బొమ్మ తిరగబడుతుంది. గని గురించి దొరకు తెలిసినదంతా దివాను రాసినదే. రాయనిది ఆయన దృష్టిలో జరగనట్టే. మరి గనుల్ని నడిపింది ఎవరు?

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఎస్టేటు అంటే పొలాలే అయితే ఇన్ని ఉత్తరాలు అవసరం లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో కౌళ్ల లెక్కలు, కూలి ఒప్పందాలు ప్రధానంగా ఏడాదికి రెండు గడువుల చుట్టూ తిరిగేవి: వేసవి మొదట్లో వచ్చే విట్‌సన్ పండుగ, నవంబరు 11న వచ్చే మార్టిన్‌మస్. ఈ రెండు గడువుల్లో జమ ఎంత, బాకీ ఎంత అని పద్దు పంపితే యజమానికి సరిపోతుంది. పంట ఎవరి కోసమూ తొందరపడదు, దివానూ పడనక్కర్లేదు. బొగ్గు అలా కాదు. గనిలోకి నీళ్లు రాత్రికి రాత్రి వస్తాయి. రేవులో ఓడలు గాలి కోసం ఎదురుచూస్తూ వారం రోజులు ఆగిపోతే గట్టు మీద బొగ్గు గుట్టలు పడుతుంది, తవ్వేవాళ్ల కూలి మాత్రం ఆగదు. గాలి మారగానే ఓడలన్నీ ఒకేసారి బొగ్గు అడుగుతాయి. ఈ వేగం పొలాల కోసం పుట్టిన దివాను ఉద్యోగం మీద వచ్చిపడింది. ఒకే మనిషి రైతుల కౌలు వసూలు చెయ్యాలి, ఎన్నికల్లో దొరకు ఓట్లు కూడగట్టాలి, ఇంటి స్థలాలు కొలిచి ఇవ్వాలి, భూమి కింద నాలుగైదు వందల అడుగుల లోతులో ఏం జరుగుతోందో కూడా రాయాలి.

ఈ పద్ధతికి పునాది వేసింది జేమ్స్ తండ్రి సర్ జాన్ లౌథర్. ఆయన కూడా ఎక్కువ కాలం లండన్‌లోనే ఉన్నాడు, 1689 తర్వాత కొన్నేళ్లు నౌకాదళ వ్యవహారాలు చూశాడు. ఆయన దగ్గర ముందు థామస్ టికెల్, 1693 నుంచి విలియం గిల్పిన్ దివానులుగా పనిచేశారు. గిల్పిన్ న్యాయశాస్త్రం చదివినవాడు కావడం కాకతాళీయం కాదనే నా అభిప్రాయం. ఎందుకో కింద వస్తుంది. 1698లో సర్ జాన్ వైట్‌హేవెన్‌కు వచ్చి స్థిరపడ్డాక అక్కడి ఉత్తరాలు పల్చబడ్డాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి ఉత్తరం ఎవరు రాస్తారు? అందుకే చరిత్రకారులకు ఓ విచిత్రమైన ఇబ్బంది: యజమాని ఊళ్లో ఉన్న కాలం గురించి మనకు తక్కువ తెలుసు, లేని కాలం గురించి ఎక్కువ తెలుసు. 1706లో సర్ జాన్ చనిపోయాక ఆస్తి రెండో కొడుకు జేమ్స్‌కు వచ్చింది. పెద్దకొడుకు క్రిస్టఫర్‌ను తండ్రి వారసత్వం నుంచి తప్పించాడు. జేమ్స్‌కు బారోనెట్ బిరుదు (వంశపారంపర్యంగా వచ్చేదే, కానీ ప్రభువుల కంటే కింది స్థాయిది) మాత్రం ఆ అన్న చనిపోయిన 1731లో గాని రాలేదు.

ఇక తపాలా సంగతి. లండన్ నుంచి దేశంలోని ఊళ్లకు సాధారణ తపాలా వారానికి మూడు రాత్రులు బయలుదేరేది: మంగళ, గురు, శనివారాలు. లౌథర్ ఉత్తరాల లయ అక్కడ పుట్టిందే. అప్పట్లో తపాలా ఖర్చు సాధారణంగా అందుకున్నవాడే కట్టేవాడు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ధర పెరిగేది. కాగితానికి కాగితం కలిస్తే రెట్టింపు. అందుకే ఆ కాలపు ఉత్తరాల్లో అక్షరాలు అంచుల దాకా పాకుతాయి. అయితే పార్లమెంటు సభ్యులకు ఒక సౌకర్యం ఉండేది. సభ జరిగే రోజుల్లోనూ, దానికి అటూ ఇటూ నలభై రోజులూ వాళ్లు పంపే ఉత్తరాలకు, వాళ్లకు వచ్చే ఉత్తరాలకు ఖర్చు లేదు. లౌథర్ దాదాపు జీవితాంతం సభ్యుడే. పైసా పైసా లెక్క చూసే మనిషి వారానికి మూడు ఉత్తరాలు ఎలా రాయగలిగాడన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పార్లమెంటు సీటు అంటే గౌరవమే కాదు, బొగ్గు వ్యాపారానికి ఉచిత తపాలా కూడా.

ఈ ఉత్తరాలు చదివేవాళ్లు మొదట తడబడేది తేదీల దగ్గర. ఇంగ్లండ్‌లో 1752 దాకా చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల మీద 1730/31 అని జంట అంకెలు కనబడేది అందుకే. ఆ గీత మరిచిపోతే ప్రమాదం జరగకముందే దాని విచారణ జరిగినట్టు తేలుతుంది. రెండోది, ఉత్తరాలు ఒకదాన్నొకటి దాటిపోతాయి. సోమవారం రాసిన ప్రశ్న లండన్ చేరేలోపు, దానికి సంబంధంలేని ఆజ్ఞ ఒకటి అటునుంచి బయలుదేరి ఉంటుంది. జవాబు చేతికి వచ్చేసరికి పరిస్థితి మారిపోయి ఉంటుంది. కాబట్టి 'దొర ఇలా చెయ్యమన్నాడు' అని ఒక ఉత్తరం పట్టుకుని తీర్పు చెప్పకూడదు. దాని ముందువి రెండు, తర్వాతవి రెండు పక్కన పెట్టుకోవాలి.

న్యాయం తెలిసిన దివాను ఎందుకు అవసరమయ్యాడో ఇప్పుడు చూద్దాం. ఇంగ్లండ్ చట్టంలో భూమి ఎవరిదైతే కింద ఉన్న ఖనిజం సాధారణంగా వాళ్లదే, బంగారం, వెండి తప్ప. ఈ సూత్రాన్ని 1568లో తేల్చిన ప్రసిద్ధ వ్యాజ్యం కూడా వైట్‌హేవెన్ ఉన్న ఈ కంబర్లాండ్ ప్రాంతంలోని రాగి గనుల గురించే నడిచింది. నార్తంబర్లాండ్ ప్రభువు తన భూమిలోని రాగి తనదన్నాడు. అందులో విలువైన లోహం కలిసి ఉంది కనుక అది రాజ్యానిదని ఎలిజబెత్ రాణి తరఫు వాదం. రాణి గెలిచింది. బొగ్గుకు ఆ బెడద లేదు. కానీ అక్కడి రైతుల్లో చాలామంది ఆచార హక్కు మీద భూమి అనుభవించేవాళ్లు. అలాంటి నేల కింద బొగ్గు దొరదే, నేల మాత్రం రైతు స్వాధీనంలో ఉంటుంది. ప్రత్యేక ఆచారం లేనిచోట రైతు బొగ్గు తవ్వరాదు, రైతు ఒప్పుకోకుండా దొర అతని పొలంలో బావి దించరాదు. తాళం ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నట్టన్నమాట. దారులు రెండే: నచ్చజెప్పడం, కొనెయ్యడం.

లౌథర్లు కొనడాన్నే ఎక్కువ నమ్ముకున్నారు. తవ్విన బొగ్గు రేవుకు చేరాలంటే మధ్యలో ఉన్న ప్రతి పొలం యజమానికీ దారి హక్కు సొమ్ము కట్టాలి. చిన్న చెక్కపొలం చేతిలో ఉన్నవాడు కూడా పెద్ద గనిని నిలబెట్టి బేరం ఆడగలడు. లౌథర్లు ఆ ఆటను తిప్పి ఆడారు. పోటీదారు బొగ్గుకు, సముద్రానికి మధ్య ఉన్న నేల తమదైతే వాడి బొగ్గు భూమిలోనే ఉండిపోతుంది. గని నీళ్లు బయటికి పోయే కాలువ తమ నేలలో ఉంటే వాడి గని మునుగుతుంది. మనకు సాగు భూమి కొనుగోలులా కనిపించేది నిజానికి బొగ్గు యుద్ధం. ఏ ముసలాయన అప్పుల్లో ఉన్నాడు, ఏ వారసులు కొట్లాడుకుంటున్నారు, ఎవరు అమ్మకానికి మొగ్గుతున్నారు అన్న కబుర్లు దివాను దగ్గర నుంచే రావాలి. పక్కా లెక్కలంత ముఖ్యం ఈ కబుర్లు.

సముద్రపు ఒడ్డునూ వదల్లేదు. రెండో చార్లెస్ రాజు నుంచి 1678లో సర్ జాన్ పోటు, పాటుల మధ్య తేలే తీరభూమిని రాయించుకున్నాడు. కాస్త ఉత్తరాన పార్టన్‌లో మరో రేవు లేవకుండా ఆ కుటుంబం శక్తివంచన లేకుండా అడ్డుపడింది. చివరికి 1706లో పార్టన్‌కు అనుకూలంగా పార్లమెంటు చట్టం వచ్చింది. ఆ వెంటనే 1709లో వైట్‌హేవెన్ రేవు నిర్వహణకు ధర్మకర్తల మండలిని ఏర్పరిచే చట్టం వచ్చింది. సరుకుల మీద సుంకం వసూలు చేసి గట్లు కట్టడం దాని పని. అక్కడ దొరకు, వర్తకులకు ఎప్పుడూ పేచీలే. ఓడల యజమానులు పొగాకు వ్యాపారులు కూడా. దొరకు రేవంటే బొగ్గు, వాళ్లకు రేవంటే పొగాకు వచ్చే అమెరికా వలస వర్జీనియా. నాలుగు గుడిసెల పల్లె 1693కల్లా రెండువేల పైచిలుకు జనమున్న పట్టణమై, 1762 నాటికి తొమ్మిది వేలు దాటిందంటే ఈ రెండు వ్యాపారాల చలవే.

బొగ్గు కొనేది ఎక్కువగా డబ్లిన్. ఆ నగరానికి దగ్గరలో సముద్రం పక్కనే ఉన్న పెద్ద బొగ్గు క్షేత్రం ఇదే. ఐర్లండ్ వాళ్లకు ఈ పరాధీనత నచ్చలేదు. తమ దేశంలోనే ఉన్న టైరోన్ ప్రాంతపు బొగ్గును డబ్లిన్‌కు తేవాలని తవ్విన న్యూరీ కాలువ 1742లో తెరుచుకుంది. అలాంటి కబురు వచ్చినప్పుడు యజమాని ముందున్న చిక్కు ఇది: ధర తగ్గించి పోటీని పుట్టకముందే చంపాలా, ఉన్నన్నాళ్లూ లాభం పిండుకోవాలా? టైరోన్ బొగ్గు అనుకున్నంతగా రాలేదు కాబట్టి వైట్‌హేవెన్ బతికిపోయింది. ఆ రోజు ఉత్తరం రాస్తున్నవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. పాత ఉత్తరాలు చదివేటప్పుడు మనం తరచూ మరిచిపోయేది ఇదే.

గనుల్లో అసలు శత్రువు నీరు. 1715లో లౌథర్ వేసిన అడుగు ఆయన పిసినారితనం గురించిన కథలకు పొసగదు. గని నీళ్లు తోడే న్యూకామెన్ ఆవిరి యంత్రం అప్పటికి మూడేళ్ల పసిబిడ్డ. 1712లో డడ్లీ దగ్గర మొదటిది నడిచింది. దాని హక్కులన్నీ 1733 దాకా చెల్లే పేటెంటు కింద ఒక బృందం చేతిలో ఉన్నాయి. యంత్రాన్ని లౌథర్ కొనలేదు, అద్దెకు తీసుకున్నాడు. ఏడాదికి 182 పౌండ్లు. భాగించి చూడండి: 52 వారాలకు వారానికి సరిగ్గా మూడున్నర పౌండ్లు. ఆ అంకె వెనకున్న ఆలోచన ఇట్టే కనబడుతుంది. కొత్త యంత్రం చెడితే నష్టం యజమాని నెత్తిన పడకూడదు, వారం వారం పనిచేస్తే దానికి వారం వారం కూలి ఇవ్వచ్చు, మనిషికి ఇచ్చినట్టే. పైగా యంత్రం తినేది అమ్ముడుపోని నలుసు బొగ్గు. ఓడలవాళ్లు గడ్డలే అడుగుతారు, పొడి ఎవరికీ అక్కర్లేదు. ఆవిరి యంత్రాలు తొలి దశాబ్దాల్లో బొగ్గు గనుల దగ్గరే ఎందుకు పాతుకుపోయాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఇంధనం కొనాల్సి వస్తే ఆ తిండిపోతును ఎవరూ పోషించలేరు.

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చే ఘట్టం సాల్టమ్ బావి. జాన్ తమ్ముడు కార్లైల్ స్పెడింగ్ గనుల పని చూసేవాడు. న్యూకాసిల్ గనుల గుట్టు తెలుసుకురావడానికి అతన్ని మారుపేరుతో కూలివాడిగా అక్కడికి పంపారని ఆ ప్రాంతంలో ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, పని మాత్రం చేయి తిరిగినవాడిదే. 1729లో సముద్రపు కొండ అంచు కింద, పోటు గీతకు ఇరవై గజాల దూరంలో బావి తవ్వడం మొదలుపెట్టారు. గుండ్రంగా కాదు, పది అడుగులకు ఎనిమిది అడుగుల కోడిగుడ్డు ఆకారంలో. నిలువునా తడికె కట్టి రెండు భాగాలు చేశారు, గాలి ఒకవైపు దిగి మరోవైపు పైకి వచ్చేలా. మందుగుండుతో రాయి పగలగొడుతూ 456 అడుగులు దిగి, 1731లో ప్రధాన బొగ్గు పొరను అందుకున్నారు. అక్కడి నుంచి సొరంగం సముద్రం కిందికి సాగింది.

దారి మధ్యలో, సుమారు 250 అడుగుల దగ్గర, రాతి పొర తెరుచుకుని గాలి బుసకొట్టింది. దీపం చూపగానే భగ్గుమంది. ఇప్పుడు మనం మీథేన్ అంటాం. కార్లైల్ చేసిన పని చూడండి. ఆ పగులును చుట్టూ గోడలా మూసి, రెండంగుళాల చదరపు గొట్టం అమర్చి, వాయువును బావి నోటికి నాలుగు గజాల పైదాకా తీసుకెళ్లి వదిలాడు. రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత కూడా అది తగ్గకుండా వస్తూనే ఉంది. గొట్టం మీద గరాటు బోర్లించి జంతువుల మూత్రాశయపు తిత్తుల్లో వాయువు పట్టి, మూతి కట్టి, లండన్ పంపారు. 1733లో లౌథర్ వాటిని లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీ సభ్యుల ముందు పెట్టాడు. రోజులు గడిచిన వాయువును సన్నని గొట్టంలోంచి మెల్లగా కొవ్వొత్తి మంటలోకి ఒత్తితే అంటుకుని వెలిగింది. ఉత్తరం మొయ్యలేని సమాచారాన్ని తిత్తి మోసింది. గని గాలి స్వయంగా లండన్ వచ్చి సాక్ష్యం చెప్పింది.

కార్లైల్ అంతటితో ఆగలేదు. జాన్ అల్లుడు, వైద్యుడు విలియం బ్రౌన్‌రిగ్ ప్రయోగశాలకు గని నుంచి వాయువును గొట్టం వేసి ఇచ్చాడు, పట్టణం వీధి దీపాలకూ ఇస్తానన్నాడు. పట్టణ పెద్దలు వద్దన్నారు. లోపల వెలుగు కోసం అతను కనిపెట్టిన సాధనం స్టీల్ మిల్లు: చేతితో తిప్పే ఉక్కు చక్రం, దానికి ఆనించిన చెకుముకి రాయి. ఒక కుర్రాడు చక్రం తిప్పుతుంటే రాలే నిప్పురవ్వల వెలుతురులో మరొకడు బొగ్గు తవ్వాలి. ఆ రవ్వలు వాయువును అంటించవని నమ్మారు. రవ్వల రంగు మారితే ప్రమాదమని గుర్తు కూడా పట్టేవారు. నమ్మకం పూర్తిగా నిజం కాదు. 1737లో కార్పోరల్ బావి పేలుడులో ఇరవై మందికి పైగా చనిపోయారు. స్టీల్ మిల్లు మాత్రం గనుల కోసం తయారైన డేవీ రక్షణ దీపం వచ్చేదాకా ఉత్తరాది గనుల్లో తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు గనుల్ని నడిపింది ఎవరన్న మొదటి ప్రశ్నకు రావచ్చు. 'దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు' అన్న సామెత దివాను ఉద్యోగం చూసి పుట్టిందా అనిపిస్తుంది. లౌథర్‌కు ఇది తెలుసు. అందుకే సమాచారం ఒకే నోటి నుంచి రాకుండా చూసుకున్నాడు. జాన్ నుంచి ఎస్టేటు కబుర్లు, కార్లైల్ నుంచి గని కబుర్లు, వేసవుల్లో వీలైనప్పుడు స్వయంగా వచ్చి చూసుకోవడం, లండన్‌లో ఓడల వాళ్లతో మాటలు. అయినా అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటివాళ్లు. బ్రౌన్‌రిగ్ అల్లుడు. కార్లైల్ కొడుకు జేమ్స్ తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో సీటన్ ఇనుప కార్ఖానా స్పెడింగ్ పేరుతోనే నడిచింది. జీతగాడు మెల్లగా తానే వర్తకుడయ్యాడు. దీన్ని మోసం అనలేం. ఆ కాలంలో దివానుకు ఇచ్చే జీతంలో సగం ఈ అవకాశాలే. కానీ ఒక ఉత్తరంలో 'ఈ పని తప్పదు' అని ఉంటే, తప్పనిది దొరకా, రాసినవాడి బంధువులకా అని అడగకుండా ముందుకు పోకూడదు. నా మట్టుకు నేను లౌథర్‌ను నియంతగా కంటే గట్టిగా ప్రశ్నించే చదువరిగా చూస్తాను. ఖర్చు పెట్టినవాడు ఆయన. గనిని కళ్లతో చూసి, ఏది సాధ్యమో నిర్ణయించి, దొర ముందు రెండు మూడు దారులు మాత్రమే పరిచినవాళ్లు స్పెడింగ్‌లు. ఎంచుకోవడం ఆయన వంతే అయినా, ఎంపికలు రాసి పంపింది వాళ్లు.

1755 ఈ ఏర్పాటును రెండు వైపులా తెంపింది. జనవరి 2న లౌథర్ లండన్‌లో పోయాడు. ఆగస్టు 8న కార్లైల్ తన గనిలోనే పేలుడులో చనిపోయాడు, తాను ఏ వాయువును గొట్టంలో బంధించాడో దానికే. జాన్ 1758 దాకా బతికాడు. ఆస్తి చేతులు మారి 1756లో మరో జేమ్స్ లౌథర్‌కు చేరింది. అతని ధోరణి వేరు, ఎన్నికల సీట్ల మీద డబ్బు కుమ్మరించడమే అతని వ్యసనం. గనుల్ని కార్లైల్ కొడుకు జేమ్స్ స్పెడింగ్ చూసుకున్నాడు. గాలిని దారిమళ్లించి గని మూలమూలకూ తిప్పే తండ్రి పద్ధతిని అతను మరింత విస్తరించాడు.

ఈ వేలాది కాగితాల్లో ఒక గొంతు మాత్రం దాదాపు లేదు. బొగ్గు తవ్విన మనిషి, చక్రం తిప్పిన కుర్రాడు లండన్‌కు ఉత్తరం రాయలేదు. ఉత్తరాల్లో వాళ్లు కూలి ఖర్చుగా, పని ఆపినప్పుడు బెడదగా, ప్రమాదం జరిగినప్పుడు అంకెగా కనిపిస్తారు. వాళ్ల పేర్లు కావాలంటే దివాను కట్టలు పక్కనపెట్టి చర్చి రికార్డుల్లో ఖననాల పుటలు తిరగెయ్యాలి. పేలుడు జరిగిన తేదీ ఉత్తరంలో దొరుకుతుంది, ఆ మర్నాడు పాతిపెట్టినవాళ్ల పేర్లు అక్కడ దొరుకుతాయి. వైట్‌హేవెన్ గనుల చరిత్రను ఇప్పుడు రాస్తున్నవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే రాస్తున్నారు.